పారే నీటిని దాటకూడని మందు

మా నాగరత్న వదిన ఆకుమందు కోసం సండూరు కొండలకు వెళ్ళాలని పుష్యమాసంలో నిర్ణయించుకుంది. వెళ్ళింది వైశాఖంలో. మధ్యలో ఆగింది తీరిక లేక కాదు, కాలువల్లో నీళ్ళు ఉండడం వల్ల.

ఆ మందుకు ఒక నియమం ఉంది. మొదటి ముద్ద సొంత ఇంట్లో, పరగడుపున, తూర్పు ముఖంగా మింగాలి. అంతవరకూ మందు పొట్లం పారే నీటిని దాటకూడదు. దాటితే అందులోని గుణం నీళ్ళతోపాటు పోతుంది. కొండ కింది ఊళ్ళవాళ్ళకు ఇదొక నియమంగానే తోచదు. గట్టి వాన పడితే తప్ప వాళ్ళకు పారే నీరు కనబడదు. సిరుగుప్ప పక్కన వరి పొలాల మధ్య, వలస రైతులు కట్టుకున్న క్యాంపులో ఉండే మాకు పాల ప్యాకెట్టు తెచ్చుకోవాలన్నా కాలువ దాటాలి. అందుకని రెండో పంట కోతలై, కాలువలు కట్టేసేదాకా వదిన ఓపిక పట్టింది. ఈలోపు ఆమె వేళ్ళ కణుపులు వాచి, ఉంగరం తీయడానికి కంసాలి రావలసి వచ్చింది.

వదిన మా పెద్దన్నయ్య భార్య. ఆమె పుట్టిల్లు కంప్లి వైపు, తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగువాళ్ళు. మాది కాలువ వచ్చిన కొత్తలో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుటుంబం. దగ్గర్లో ఉన్నది కన్నడ బడి కాబట్టి మా నాన్నగారు నాకు ఇంట్లోనే తెలుగు చదువు చెప్పారు. ఆ చదువుతోనే ఇది రాస్తున్నాను, ఆయనకు నమస్కారం.

వదినకు వచ్చిన కీళ్ళవాతం నాకూ ఉంది. ఆరేళ్ళుగా బళ్ళారిలో ఒక డాక్టరమ్మ దగ్గర మందు వాడుతున్నాను. ఆమె బెంగళూరు నుంచి నెలకు ఒక్క శుక్రవారం వస్తుంది. వారానికి ఒకసారి వేసుకునే మాత్ర రాస్తుంది. నా వేళ్ళు వంకర పోకుండా నిలిచాయి, పూలు కట్టుకోగలుగుతున్నాను. వదినను కూడా రమ్మంటే రాలేదు. ఆ మాత్ర క్యాన్సరు వాళ్ళకిచ్చేదని మందుల షాపులో ఎవరో చెప్పారట.

"నాకు యాడుండాది క్యాన్సరు? చేతులు వాస్తే చెట్టు మందే. మా అవ్వ కాలం నుంచి అంతే," అంది.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. గురువారం ఆమె కొండకు నేను వెళ్ళాలి, శుక్రవారం నా డాక్టరమ్మ దగ్గరికి ఆమె రావాలి. "చేయి చూపిస్తా. మాత్ర మింగుతానని మాత్రం చెప్పలే," అని ముందే అనేసింది. నేను అంతటితో సంతోషించాను. ఇంకొక్క నెల గడిస్తే ఆ వేళ్ళు ఏమవుతాయో నా వేళ్ళకు తెలుసు.

తెల్లవారి ఐదున్నరకు క్యాంపు స్టాపులో బళ్ళారి బస్సెక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే మా రాష్ట్రంలో ఆడవాళ్ళకు సున్నా టికెట్టు. ఆ కాగితం అందుకున్నప్పుడల్లా నాకు చేయి దానంతట అదే నొసటికి పోతుంది. కండక్టరుకు అలవాటైపోయింది.

వదిన వేళ్ళు చూసి పక్క సీట్లో మామిడిపళ్ళ గంపతో కూర్చున్న ఆవిడ, "వావిలాకు ఉడకబెట్టి కాపడం పెట్టక్కా, మూడు దినాల్లో దిగుతాది," అంది. వెనక సీటు పెద్దాయన నల్లేరు పచ్చడి అన్నాడు. ఆయన భార్య నల్లేరు వేడి చేస్తుందని, తిప్పతీగ మంచిదని అంది. డ్రైవరు తల తిప్పకుండానే వెల్లుల్లి అన్నాడు. తెక్కలకోట దాటేసరికి వదిన చేతికి నాలుగు వైద్యాలు సిద్ధమయ్యాయి. ఎవరూ ఫీజు అడగలేదు.

దారిలో కాలువలన్నీ వదిన కిటికీలోంచి తనిఖీ చేసింది. అడుగున బురద ఎండి బీటలు వారింది. ఒకచోట మేకలు పడుకుని ఉన్నాయి. "బాగుండాది," అంది ప్రతి వంతెన మీదా. కాలువ ఎండితే సంతోషించిన రైతు ఇంటి ఆడమనిషిని నేను చూడడం అదే మొదటిసారి.

బళ్ళారి బస్టాండు దగ్గర బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. అక్కడ ఉగ్గానిలో పుట్నాల పొడి ధారాళంగా వేస్తారు. వెళ్ళేవాళ్ళు తప్పక తినండి. ఎనిమిదిన్నరకు సండూరు బస్సు దొరికింది. ఊరు దాటాక పెద్ద కాలువ, అదీ పొడిగానే ఉంది. తోరణగల్లు వద్ద ఫ్యాక్టరీ గొట్టాలు, ఆ తర్వాత వరసగా ఖనిజం లారీలు. సండూరులో దిగేటప్పటికి నా తెల్ల రవికె కాషాయానికి వచ్చింది. అక్కడినుంచి షేరాటోలో దోణిమలై దిగువనున్న ఊరికి చేరేసరికి పదకొండు దాటింది.

మందిచ్చే తిప్పేరుద్రప్ప ఒకప్పుడు ఖనిజం లారీ నడిపాడట. నాన్న పోయాక స్టీరింగు వదిలి కల్వం పట్టాడు. గురువారాలు మాత్రమే ఇస్తాడు. రేకుల వసారాలో జనం టెంకాయ, తమలపాకులతో వరసగా కూర్చున్నారు. డబ్బు తీసుకోడు. మందు తీసుకున్నాక మంచిమాట చెప్పకూడదు, దండం పెట్టకూడదు, వెళ్ళొస్తాం అని కూడా అనకూడదు, అంటే జబ్బు మళ్ళీ వస్తుందట. ఎవరు ఏమిచ్చినా రెండు చేతులూ జోడించే నాకు ఈ నియమం కాలువ నియమం కంటే కష్టమైంది. చేతులు చీర కొంగులో చుట్టుకుని కూర్చున్నాను.

ఆయన వదిన వేళ్ళను ఒక్కొక్కటే నొక్కి చూశాడు.

"ఎన్ని దినాల్నించి?"

"పుష్యం నుంచి అన్నా."

"ఇంత తడవు యాల?"

"కాలువ నీళ్ళు ఆపల్ల గదా!"

ఆయన తల ఊపాడు. ఆ ఊళ్ళో అది సబబైన కారణమే.

కల్వంలోంచి వచ్చే వాసన నాకు బాగా తెలిసినదనిపించి, "ఏమేం వేస్తారన్నా?" అని అడిగాను.

"అందుగు బంక, పసుపు, మిరియాలు. నాలుగోది చెప్పకూడదమ్మా. మా నాయన చెప్పొద్దన్నాడు."

"మీకైతే తెలుసు కదా?"

"తెలిసినందుకే చెప్పేకి లేదు."

అందుగు చెట్టు ఈ ఎండు కొండల్లో రాళ్ళ మధ్య పెరుగుతుంది. కాండం మీద గాటు పెడితే బంక కారుతుంది. దాన్ని మేము నిప్పుల మీద వేసి దేవుడికి ధూపం పడతాం. దేవుడికి పొగ, మనిషికి వాపు తగ్గే మందు, చెట్టుకు గాటు. ఎవరి వాటా ఎంతో తెలిసి చేశాడు భగవంతుడు. బాదం ఆకులో చుట్టి, దారం కట్టి పొట్లం వదిన చేతిలో పెట్టాడు. మేము ఏమీ అనకుండా లేచి వచ్చేశాం. నాకైతే చెప్పులు తొడుక్కోకుండా వచ్చేసినట్టే ఉంది.

సండూరులో మెస్సు భోజనం. వేడి వేడి జొన్నరొట్టె, వంకాయ కూర, శనగల పొడి. వంటింట్లో ఒకావిడ రొట్టె తడుతోంది, ఆ చప్పుడు హాలంతా వినిపిస్తోంది. వదిన రొట్టె తట్టడంలో పెద్ద పేరున్న మనిషి. శీతాకాలం నుంచి చపాతీ కర్రతో ఒత్తుతోంది, ఇంటికి ఎవరైనా వస్తే కర్ర దాచేస్తుంది. ఆమె విస్తట్లో రొట్టె నేనే తుంచి పెట్టాను. ఆమె తినకుండా చాలాసేపు ఆ చప్పుడు వింది.

మూడింటికి బళ్ళారి బస్సు. ఆ సాయంత్రం బళ్ళారిలో మా పిన్ని ఇంట్లో ఉండి, పొద్దున డాక్టరమ్మను చూసి, మధ్యాహ్నం ఇంటికి వెళ్ళాలని మా ఏర్పాటు. వదిన పొట్లాన్ని ఒళ్ళో పెట్టుకుని కునుకు తీస్తోంది. ఊరు ఇంకా కొంత దూరం ఉందనగా బస్సులో కలకలం మొదలైంది. జనం ఒక పక్కకు ఒరిగి చూస్తున్నారు. పెద్ద కాలువలో నీళ్ళు! ఎర్రగా, నురగతో, గట్టు సగం దాకా. పొద్దున పొడిగా దాటిన కాలువే.

"తాగేకి వదిలినారంటప్పా," అన్నాడొకాయన. "మా వార్డులో ఎనిమిది దినాలకొకసారి కొళాయి. దేవుడు కరుణించినాడు."

బస్సులో ఉన్నవాళ్ళంతా చేతులు జోడించారు. నేనూ జోడించాను.

"దండం పెడతాండావా?" అంది వదిన, నిద్రలోంచి లేచి. ఆ వెంటనే, "ఆపప్పా! బస్సు ఆపు!" అని కేక వేసింది.

కండక్టరు పరుగున వచ్చాడు. "ఏనమ్మా, ఇల్లి స్టాపు ఇల్ల," అన్నాడు, ఇక్కడ స్టాపు లేదని.

"కాలువలో నీళ్ళుండాయి!"

"నీళ్ళొస్తే మంచిదే గదమ్మా."

"నా మందుకు మంచిది కాదు!"

కండక్టరు నా ముఖం చూశాడు. నేను పొట్లం వైపు చూపించాను. ఆయనది ఈ ప్రాంతమే అయి ఉంటుంది, ఇంకేమీ అడగకుండా విజిలేశాడు. వంతెన ఇటు పక్కన మమ్మల్ని దించి, బస్సు అవతలికి వెళ్ళిపోయింది. పిన్ని ఇల్లు, డాక్టరమ్మ, మా క్యాంపు, అన్నీ అటు పక్కనే ఉన్నాయి.

దిగిన చోట ఒక టీ కొట్టు ఉంది. నడిపేది బసమ్మ అనే ఆవిడ. భర్త లారీ ప్రమాదంలో పోయాడని, ఒక్కతే ఉంటానని, టీ పోస్తూనే చెప్పింది. గట్టు మీద ట్రాక్టరు కడుగుతున్న మనిషిని వదిన అడిగింది.

"ఎన్ని దినాలు విడుస్తారన్నా నీళ్ళు?"

"పది దినాలంట."

వదిన బెంచీ మీద స్థిరంగా కూర్చుంది. "అయితే పది దినాలు ఈడే ఉంటా."

"ఉండక్కా," అంది బసమ్మ. "మిరపకాయలు కోసి పెడ్తువు."

"చేతులు బాగుంటే నీ కొట్టుకాడికి నేనేల వస్తా?"

నేను అన్నయ్యకు ఫోన్ చేసి, కాలువకు నీళ్ళు వచ్చాయని మొదలుపెట్టాను. "వచ్చాయా! మనవైపు ఎప్పుడొస్తాయంట?" అన్నాడు. మేము ఎక్కడున్నామో అడగలేదు. పిన్నికి రావడం లేదని చెప్పాను. బసమ్మ కొట్టు వెనక గదిలో చాప వేసింది, సంగటి పెట్టింది. దారిన పోయే ఇద్దరు ఆడవాళ్ళను ఏ వివరమూ అడగకుండా ఇంట్లో ఉండనిచ్చినందుకు, ఇక్కడ అడ్డేమీ లేదు కాబట్టి, మనసారా నమస్కారం చెప్పుకున్నాను.

నా దిగులంతా శుక్రవారం గురించి. డాక్టరమ్మ మధ్యాహ్నం దాకానే ఉంటుంది, మళ్ళీ నెల రోజులకు గానీ రాదు. పొట్లం పారేయమని చెప్పే ధైర్యం నాకు లేదు, అలా చెప్పడం మర్యాదా కాదు. దీపం పెట్టే వేళకు ఒక ఆలోచన తోచింది. తిప్పేరుద్రప్ప నంబరుకు ఫోన్ చేసి, స్పీకరు పెట్టాను.

"అన్నా, పారే నీళ్ళు దాటకూడనిది మందా, మనిషా?"

"మందే."

"మనిషి మందును ఈ పక్కన పెట్టి దాటితే?"

"మనిషి యాడికైనా పోవచ్చు. మనిషిని నేనేల ఆపుతా?" అని పెట్టేశాడు.

వదిన విన్నది. పొట్లాన్ని తలకింద పెట్టుకుని పడుకుంది.

పొద్దున బసమ్మ టీ ఇచ్చింది. వదిన వేళ్ళు గాజు గ్లాసు చుట్టూ మూసుకోలేదు. రెండు అరచేతుల మధ్య పట్టుకుని లేపబోయింది, గ్లాసు జారి పడింది. బసమ్మ స్టీలు లోటాలో ఇంకో టీ పోసి, తానే పట్టుకుని తాగించింది. వదినకు ఒకరు తాగించడం నేను అంతవరకూ చూడలేదు. తాగడం అయ్యాక కొంగుతో మూతి తుడుచుకుని, పొట్లం తీసి బసమ్మకిచ్చింది.

"జోపానంగా పెట్టు. అవతలికి పొయ్యొస్తాం."

ఎనిమిది గంటలకు లారీ వెనకాల వచ్చిన బస్సెక్కి కాలువ దాటాం. వదిన కళ్ళు మూసుకుంది.

క్లినిక్కులో రక్తం తీశారు, చేతులకు ఎక్స్‌రే తీశారు. పదకొండున్నరకు పిలిచారు. డాక్టరమ్మకు తెలుగు వచ్చు, తీరిగ్గా మాట్లాడుతుంది. వదిన వేళ్ళను తిప్పేరుద్రప్ప నొక్కినట్టే ఒక్కొక్కటే నొక్కింది.

"వేరే మందేమైనా వాడుతున్నారా?"

"ఇంకా లేదు."

"ఏదైనా తెచ్చుకున్నారా? చూపించండి."

"కాలువకు అవతల ఉండాది," అంది వదిన.

నేను సంగతంతా చెప్పాను. డాక్టరమ్మ నవ్వలేదు, అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను. ఏమేం ఉన్నాయో అడిగి విన్నది.

"అందుగు బంకలో వాపును తగ్గించే గుణం ఉంది, అబద్ధం కాదు. పసుపులోనూ ఉంది, కానీ పసుపు అంత తేలిగ్గా రక్తంలో కలవదు. మిరియం తోడైతే కలుస్తుంది. ఆ మందు కట్టినవాళ్ళు తెలివైనవాళ్ళే. నాకు భయమల్లా ఆ నాలుగోదాని గురించి. పేరు తెలియనిదాన్ని మీ కాలేయానికి నేను అప్పగించలేను."

మా అమ్మ పసుపు పాలలో మిరియం దంచి వేసేది. ఎందుకమ్మా అని నేను ఎన్నడూ అడగలేదు, ఆవిడకూ తెలిసి ఉండదు. ఎవరో తెలిసినవాళ్ళు మొదలుపెట్టి ఉంటారు. ఆ పేరు తెలియని మనిషికి ఆ కుర్చీలోనే దండం పెట్టుకున్నాను.

"అయితే ఆ మూడూ చాలవా?" అని అడిగింది వదిన.

డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుతురు మీద పెట్టింది. చూపుడు వేలి కణుపు దగ్గర ఎముక అంచు, ఎలుక కొరికినట్టు చిన్నగా పోయి ఉంది. "అవి వాపునీ నొప్పినీ కొంత తగ్గించవచ్చు. ఈ కొరుకుడును ఆపుతాయని నేను చెప్పలేను. దీన్ని ఆపడానికే మాత్ర. ఇదే మాత్ర క్యాన్సరుకూ ఇస్తారు, మీరు విన్నది నిజమే. అక్కడ గంపెడు, ఇక్కడ చిటికెడు."

"పుష్యంలోనే వచ్చింటే ఇది ఉండేది కాదా?"

"ఉండేది కాదని గట్టిగా చెప్పలేను. ఉండకపోవచ్చు."

"పోయింది మళ్ళీ నిండుతాదా?"

"నిండదు."

వదిన ఆ నల్లటి ఫిల్ములో ఉన్న తన చేతిని కాసేపు చూసింది. పదిహేను ఎకరాలు ఒంటిచేత్తో సాగు చేయించిన మనిషి. "వరి పొట్ట మీదున్నప్పుడు నీళ్ళు తప్పిస్తే కంకి తాలైపోతాది," అంది మెల్లగా. "ఆపైన కాలువంతా తెచ్చి మళ్ళించినా గింజ పట్టదు." తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగింది. "మిగిలిన మడి ఎండకుండా చూడమ్మా."

డాక్టరమ్మకు వరి సంగతి ఎంత తెలుసో నాకు తెలియదు. తల మాత్రం ఊపింది. రక్తం రిపోర్టు వచ్చాక చూసి మాత్ర రాసింది. "వారానికి ఒక్కరోజే. మరిచిపోయి రోజూ వేసుకుంటే చాలా ప్రమాదం. సోమవారమో మంగళవారమో ఒకటి పెట్టుకుని, దాన్ని మార్చకండి. నెలకోసారి రక్తం చూద్దాం. తర్వాత కావాలంటే అందుగు బంక కాప్స్యూలు తోడుగా ఇస్తాను. మాత్రకు తోడు గానీ, మాత్రకు బదులు కాదు." బయటికి వస్తూ నేను చేతులు జోడించాను. ఇక్కడ వద్దనేవాళ్ళు ఎవరూ లేరు. వెళ్ళొస్తాం అని కూడా అన్నాను, నెల తర్వాత రావాలి కాబట్టి.

మాత్రలు కొని, బస్టాండులో పెరుగన్నం తిని, రెండుంబావు సిరుగుప్ప బస్సెక్కాం. వదిన బసమ్మకు ఫోన్ చేసింది.

"ఆ పొట్లం నువ్వు మింగొద్దు తల్లీ. నాలుగోది ఏందో డాక్టరమ్మకు తెలీదంట."

"నేనేల తింటానక్కా? సాంబ్రాణి వాసనొస్తాందని దేవుని మూల పెట్టినా. యాపొద్దు వస్తావు?"

"ఇప్పట్లో రాను. ఆడే ఉండనీ."

ఈ దారిన వైద్యానికి వెళ్ళదలచినవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. కాలువలో నీళ్ళు ఉన్నాయో లేవో కనుక్కునే ముందు డాక్టరు ఏ రోజున ఉంటారో కనుక్కోండి. మీరు వాడే ఆకూ బంకా ఏదైనా సరే, దాచకుండా పేరుతో చెప్పండి. సండూరులో భోజనం బాగుంటుంది. దారిలో దిగవలసి వస్తే దిగండి, మనుషులు మంచివాళ్ళు.

బస్సు ఊరు దాటాక వారం ఏది పెట్టుకోవాలన్న చర్చ వచ్చింది.

"సోమవారం?" అన్నాను.

"శివునికి ఒక్కపొద్దు."

"మంగళవారం?"

"ఆంజనేయునిది."

గురువారం మంత్రాలయం స్వామిది, శనివారం వెంకన్నది, ఆదివారం సూర్యునిది. శుక్రవారం లక్ష్మీదేవిది కాబట్టి అడగనే లేదు.

"బుధవారం వదినా. బుధవారం మీ ఇంట్లో ఏ దేవుడికీ లేదు."

ఆలోచించింది. "బుధవారమంటే ఇంకా ఐదు దినాలుండాదే."

"ఐదు రోజులే కదా."

"ఆగింది చాలు," అని చెయ్యి చాపింది. "ఈ పొద్దే ఇయ్యి. శుక్రవారమే కానీ. లక్ష్మీదేవి ఏమీ అనుకోదు. ఆమెకు నాలుగు చేతులుండాయి, చేతుల సంగతి ఆమెకు తెలుస్తాది."

అట్టలోంచి మాత్ర ఒత్తి తీసి, ఆమె అరచేతిలో పెట్టాను. నా సీసాలోని నీళ్ళతో మింగేసింది.